బుడాపెస్ట్‌లో తక్కువ ఖర్చుతో: ఎక్కడ దిగాలి, దేనికి డబ్బు పెట్టాలి

బుడాపెస్ట్ వెళ్తున్నాం, రూమ్ ఎక్కడ తీసుకోమంటారు అని ఎవరడిగినా నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: రాత్రి పదిన్నరకి మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?

హంగేరీ రాజధాని అయిన ఆ ఊరికి నేను మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి జర్మనీలో చదువుకునే రోజుల్లో ఫ్రెండ్స్‌తో, పన్నెండు మంచాల డార్మ్‌లో. రెండోసారి ఒక్కడినే, నాలుగు డబ్బులు మిగులుతాయి కదా అని ఊరి చివర చవక రూమ్‌లో. మూడోసారి తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో. ఈ మూడింటిలో అన్నిటికన్నా చవగ్గా పడింది రెండోది. అన్నిటికన్నా నష్టపోయానని అనిపించిందీ అదే.

ఎందుకంటే బుడాపెస్ట్ చీకటి పడ్డాక చూడాల్సిన ఊరు. డాన్యూబ్ నదికి అటు బుడా ఒడ్డున కొండ మీద కోట, ఇటు పెస్ట్ ఒడ్డున పార్లమెంటు, రెంటినీ కలుపుతూ చెయిన్ బ్రిడ్జి, అన్నీ పసుపు దీపాల్లో వెలుగుతూ నీళ్ళలో ఊగుతుంటాయి. దానికి టికెట్ లేదు, క్యూ లేదు. ఊరి చివర ఉన్న ఆ మూడు రాత్రులూ నేను ఒడ్డున సరిగ్గా కూర్చోనే లేదు. మెట్రో రాత్రి పదకొండున్నర ప్రాంతంలో ఆగిపోతుంది, దిగాక మళ్ళీ బస్సు పట్టుకోవాలి. పది దాటిందంటే చాలు, వాచీ చూసుకుంటూ టెన్షన్. రూమ్ మీద మిగిలిన డబ్బు కోసం, ఊళ్ళో ఉచితంగా దొరికే అన్నిటికన్నా మంచిదాన్ని వదిలేసుకున్నాను.

అందుకే ఇప్పుడు నేను రూమ్ వెతికేటప్పుడు ముందు ట్రామ్ లైను చూస్తాను, ధర ఆ తర్వాత.

4, 6 నంబర్ల ట్రామ్

బుడాపెస్ట్ మ్యాప్ తెరిస్తే పెస్ట్ వైపు అర్ధచంద్రంలా ఒక పెద్ద రోడ్డు కనిపిస్తుంది. దాన్ని కొరూట్ అంటారు, మన రింగ్ రోడ్డు అనుకోండి. దాని మీద 4, 6 నంబర్ల పసుపు ట్రామ్‌లు కొద్ది నిమిషాలకొకటి తిరుగుతుంటాయి. ఒక్కో ట్రామ్ పొడవు 54 మీటర్లు. పగలు రెండూ ఉంటాయి, 6 నంబరైతే రాత్రంతా నడుస్తుంది. న్యుగతి స్టేషన్, ఒక్తొగొన్, బ్లహా లుయ్జా, రాకోసి తేర్, కోర్విన్, బోరారోష్ వరుసగా వచ్చే స్టాపులు. అటు చివర మార్గరెట్ వంతెన, ఇటు చివర పెతోఫి వంతెన దాటి రెండు వైపులా బుడాలోకి వెళ్తుంది. ఊళ్ళో ఉన్న నాలుగు మెట్రో లైన్లూ ఈ ట్రామ్‌ని ఎక్కడో ఒకచోట కలుస్తాయి.

ఈ లైనుకి ఐదారు నిమిషాల నడకలో రూమ్ దొరికితే, అర్ధరాత్రి ఒంటి గంటకి నది ఒడ్డు నుంచి లేచినా ఇంటికి చేరడం గురించి ఆలోచించక్కర్లేదు. టాక్సీ ఖర్చు లేదు.

రూమ్ నిజంగా ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఊళ్ళో 23 జిల్లాలు. పిన్‌కోడ్‌కి నాలుగు అంకెలు, మొదటిది ఎప్పుడూ 1, మధ్య రెండూ జిల్లా నంబరు. 1075 అంటే ఏడో జిల్లా, 1137 అంటే పదమూడోది. "సెంటర్‌కి దగ్గర" అని రూమ్ వాళ్ళు ఎంత రాసినా పిన్‌కోడ్‌లో 17 కనిపించిందంటే అది దగ్గర కాదు.

డార్మ్, ప్రైవేట్ రూమ్, అపార్ట్‌మెంట్

ముందు డార్మ్ సంగతి. మామూలు రోజుల్లో నేను చూసినంతలో ఒక మంచం 10 నుంచి 25 యూరోల మధ్య దొరుకుతుంది. హాస్టళ్ళు ఎక్కువగా ఏడో జిల్లాలో, కజిన్సి వీధి, కిరాయ్ వీధి చుట్టుపక్కల ఉంటాయి. ఇది పాత యూదుల పేట. రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల్ని బంధించి ఉంచిన ఘెటో ఇక్కడే ఉండేది. తర్వాత చాలా ఏళ్ళు పాడుబడ్డ ఇళ్ళ పెరట్లలో 2000ల మొదట్లో బార్లు పెట్టడం మొదలైంది. వాటినే రూయిన్ బార్లు అంటారు. సింప్లా అందులో పేరున్నది. అక్కడ కూర్చోవడం మంచి అనుభవమే, పక్కన పడుకోవడం వేరే సంగతి. మేం దిగిన హాస్టల్ కిటికీ ఒక సందులోకి ఉండేది. తెల్లవారుజామున నాలుగింటి దాకా కింద పాటలు, అరుపులు. మాతో ఉన్న ఒకతను రెండో రాత్రి దుప్పటి తీసుకెళ్ళి కామన్ రూమ్ సోఫాలో పడుకున్నాడు. వయసు ఇరవైల్లో ఉండి, రాత్రి మీరే ఆ సందులో ఉండబోతుంటే ఏడో జిల్లా డార్మ్ తీసుకోండి. నిద్ర కావాలంటే మాత్రం అక్కడ వద్దు. రివ్యూలలో నాయిస్ అనే మాట కోసం వెతికి చదవండి, మిగతావన్నీ వదిలేసినా సరే.

డార్మ్‌కీ హోటల్‌కీ మధ్యలో ఇంకొకటి ఉంది, మనవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోరు: హాస్టల్లోనే ప్రైవేట్ రూమ్. ఇద్దరు కలిసి వెళ్తే రెండు డార్మ్ మంచాల ధరకి కొంచెం పైన ఇది వస్తుంది. వంటగది వాడుకోవచ్చు, బట్టలుతికే మెషిన్ ఉంటుంది, తలుపుకి తాళం ఉంటుంది. ఇద్దరు ఫ్రెండ్సో, కొత్తగా పెళ్ళయిన జంటో అయితే నా సలహా ఇదే. జూలై, ఆగస్టుల్లో ఇంకో అవకాశం కూడా ఉంటుంది. సెలవుల్లో కొన్ని యూనివర్సిటీ హాస్టళ్ళు తమ గదుల్ని బయటివాళ్ళకి అద్దెకిస్తాయి. వాటిని కొల్లేగియుమ్ అంటారు. గదులు సాదాగా ఉంటాయి, శుభ్రంగా ఉంటాయి, తొమ్మిది, పదకొండు జిల్లాల వైపు వెతకండి.

అపార్ట్‌మెంట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కుటుంబంతో వెళ్ళేవాళ్ళందరి చూపూ దాని మీదే.

పెస్ట్ మధ్యలో ఉన్న ఇళ్ళు చాలావరకు పందొమ్మిదో శతాబ్దం చివర కట్టినవి. వీధిలోంచి పెద్ద చెక్క తలుపు తోసి లోపలికి వెళ్తే మధ్యలో ఆకాశం కనిపించే నడవ. దాని చుట్టూ ప్రతి అంతస్తులోనూ ఇనుప కటకటాల వరండా, ఆ వరండాలోకి తెరుచుకునే తలుపులు, కటకటాలకి వేలాడే పూలకుండీలు. మా నాన్న అక్కడ నిలబడి పైకి చూసి, "ఇది మన మండువా లోగిలి కదరా, నాలుగంతస్తులు కట్టారంతే" అన్నారు. నిజంగా అలాగే ఉంటుంది. మండువాలోలాగే ఒకరి మాట అందరికీ వినిపిస్తుంది కూడా. రాత్రి వరండాలో నిలబడి ఇండియాకి వీడియో కాల్ చేస్తే ఇంట్లో ఉన్న ముసలివాళ్ళందరూ లేస్తారు. ఆ పని చేయకండి.

ఆ ఇళ్ళల్లో అంతస్తుల లెక్క దగ్గర జాగ్రత్త. గ్రౌండ్ ఫ్లోర్‌కీ ఫస్ట్ ఫ్లోర్‌కీ మధ్యలో కొన్నిచోట్ల ఫేల్‌ఎమెలెత్ అని ఒక సగం అంతస్తు ఉంటుంది, దానికి నంబరు ఉండదు. అంటే రెండో అంతస్తు అని రాసింది మనం ఎక్కేటప్పటికి మూడో అంతస్తు అవుతుంది. సీలింగులు ఎత్తు, కాబట్టి మెట్లూ ఎక్కువే. పెద్దవాళ్ళతో వెళ్తుంటే లిఫ్ట్ ఉందా, పనిచేస్తోందా అని మెసేజ్ పెట్టి అడిగి, జవాబు వచ్చాకే బుక్ చేయండి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అడిగి తీసుకున్నాను కాబట్టి బతికిపోయాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆరో జిల్లా, అంటే తెరేజ్‌వారోష్‌లో, ఇళ్ళని రోజువారీ అద్దెకివ్వడం మీద 2024 సెప్టెంబరులో స్థానికులు ఓటింగ్ పెట్టుకుని వద్దని తేల్చారు. 2026 జనవరి నుంచి ఆ నిషేధం అమల్లో ఉంది. అక్కడ రోజువారీ అద్దెకి ఇల్లు ఉందని ఎవరైనా అంటే, రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడక్కుండా డబ్బు కట్టకండి. హోటళ్ళకీ హాస్టళ్ళకీ ఇది వర్తించదు. టూరిస్టులకి ఇచ్చే ఇళ్ళ వల్ల అద్దెలు పెరిగి అక్కడివాళ్ళు ఇబ్బందిపడ్డారన్నది వాళ్ళ బాధ. అది న్యాయమైన బాధే అని నాకనిపిస్తుంది.

మరి కుటుంబానికి ఏ పేట? నా ఓటు పదమూడో జిల్లాలో ఉయ్‌లిపోత్‌వారోష్‌కి. పోజోని అనే వీధికి రెండు వైపులా చెట్లు, బేకరీలు, పిల్లలు ఆడుకునే పార్కు. నది పక్కనే. 4, 6 ట్రామ్ స్టాపు నడకలో. మార్గరెట్ దీవికి నడిచి వెళ్ళిపోవచ్చు. రాత్రి తొమ్మిదికల్లా వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఎనిమిదో జిల్లాలో నేషనల్ మ్యూజియం వెనకున్న పేట బాగుంటుంది. పాలోతనెద్యెద్ అంటారు. కాలేజీలు, లైబ్రరీలు ఉన్న చోటు, అన్నిటికీ దగ్గర, ఏడో జిల్లా గోల ఉండదు. అదే ఎనిమిదో జిల్లాలో కెలెతి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఇంకా చవక. వియన్నా నుంచి రాత్రి రైల్లో దిగి, పొద్దున్నే మళ్ళీ వెళ్ళిపోయేవాళ్ళకి అది చాలు. నాలుగు రోజులుండేవాళ్ళకి నేను చెప్పను.

బుడా వైపు కోట కొండ మీద దిగడం ఫోటోల్లో చాలా అందంగా ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే అక్కడ పాలప్యాకెట్ కొనడానికి కూడా కొండ దిగాలి. తక్కువ ఖర్చు ప్రయాణానికి అది పనికిరాదు.

ఏ నెలలో వెళ్తున్నారన్నది కూడా పేటంత ముఖ్యమే. ఆగస్టులో సిగెత్ మ్యూజిక్ ఫెస్టివల్, ఆగస్టు 20న వాళ్ళ జాతీయ పండుగ, వేసవిలో ఫార్ములా వన్ రేసు, డిసెంబరులో క్రిస్మస్ బజార్లు. ఈ రోజుల్లో డార్మ్ మంచం కూడా హోటల్ రూమ్ ధర పలుకుతుంది. మార్చి చివర, ఏప్రిల్, అక్టోబర్ నాకు నచ్చిన నెలలు.

ఎయిర్‌పోర్టు నుంచి, ఊళ్ళో తిరగడానికి

ఎయిర్‌పోర్టు పేరు లిస్ట్ ఫెరెంట్స్. సంగీతకారుడు ఫ్రాంజ్ లిస్ట్ పేరే అది. హంగేరీ వాళ్ళు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. యూరప్‌లో ప్రతి ఫారంలోనూ మన పేర్లు తలకిందులవుతుంటాయి కదా, అది వీళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి ఊళ్ళోకి రెండు దారులు. 100ఈ బస్సు నేరుగా దెయాక్ తేర్ దాకా, ఊరి నడిబొడ్డుకి వస్తుంది. దీనికి ప్రత్యేక టికెట్, ఆరు యూరోల చుట్టూ ఉంటుంది, మామూలు పాస్ చెల్లదు. 200ఈ బస్సెక్కితే కోబానా-కిష్పెస్ట్‌లో దిగి 3వ నంబరు మెట్రో పట్టుకోవాలి. మామూలు టికెట్లు, పాసులు చెల్లుతాయి. సూట్‌కేసులతో, పెద్దవాళ్ళతో ఉంటే 100ఈ. బ్యాక్‌ప్యాక్ ఒక్కటే అయితే 200ఈ ఎక్కి ఆ తేడా డబ్బుతో టిఫిన్ చేయండి.

సింగిల్ టికెట్టా, పాసా? ఒక్క ప్రయాణం ధర రెండు యూరోల లోపే, కానీ ఒక మెట్రో నుంచి ట్రామ్‌కి మారితే మళ్ళీ ఇంకో టికెట్ కావాలి. రోజుకి నాలుగైదు ఎక్కడాలు దిగడాలు తప్పవు కాబట్టి 24 గంటల లేదా 72 గంటల పాసే మేలు. గంటలు కొన్న దగ్గర్నుంచి లెక్క కాబట్టి సాయంత్రం కొంటే మర్నాడు సాయంత్రం దాకా వస్తుంది. సింగిల్ టికెట్ కొన్నవాళ్ళు మెట్రోకైతే లోపలికి వెళ్ళే ముందే, ట్రామ్, బస్సులకైతే ఎక్కగానే పంచ్ చేయడం మర్చిపోకూడదు. మొదటిసారి మాలో ఒకడు టికెట్ కొని జేబులో పెట్టుకున్నాడు, పంచ్ చేయలేదు. తనిఖీ వచ్చింది. కొన్నాను కదా అని ఎంత చెప్పినా జరిమానా కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు మా నలుగురి రెండు రోజుల భోజనం.

మ్యూజియాలతో కలిపి అమ్మే బుడాపెస్ట్ కార్డు ఒకటుంది. రోజుకి రెండు మూడు మ్యూజియాలు చూసేవాళ్ళకి గిట్టుబాటవుతుంది. మనం చూడాలనుకునే పార్లమెంటు అందులో రాదు, కాబట్టి నేను తీసుకోను.

డబ్బు విషయం ఒక్క మాట. అక్కడ యూరో కాదు, ఫోరింట్. మన రూపాయికి సుమారు మూడున్నర, నాలుగు ఫోరింట్ల మధ్య. యూరోలు తీసుకునే షాపులున్నాయి గానీ రేటు వాళ్ళిష్టం. ఏటీఎమ్ వాడితే బ్యాంకు గోడకున్నదే వాడండి. మెషిన్ "మా రేటుకి మార్చమంటారా" అని అడిగితే వద్దని నొక్కండి.

దేనికి టికెట్ కొనాలి

మా నాన్న లెక్కల మనిషి. వచ్చిన రోజే చెప్పారు: "ఒక్కటి చెప్పు, డబ్బు పెట్టి చూడాల్సింది." నేను పార్లమెంటు అన్నాను. ఇప్పుడూ అదే అంటాను.

బుడా, ఓబుడా, పెస్ట్ అనే మూడు ఊళ్ళు 1873లో కలిసి ఒక్క రాజధాని అయ్యాయి. ఆ కొత్త రాజధానికి తగ్గ భవనం కావాలని శ్తైందల్ ఇమ్రె గీసిన నమూనా ప్రకారం 1885లో మొదలుపెట్టి 1904లో పూర్తిచేశారు. 691 గదులు. గోపురం ఎత్తు 96 మీటర్లు. 896 ప్రాంతంలో తమ పూర్వీకులు ఈ నేల మీదికి వచ్చారని హంగేరీ వాళ్ళ లెక్క, అందుకే ఆ 96 అంటే వాళ్ళకి అంత ఇష్టం. సెయింట్ స్టీఫెన్ బసీలికా అనే పెద్ద చర్చి ఎత్తు కూడా సరిగ్గా అంతే.

లోపల టూర్ ముప్పావుగంట. గోపురం కింద గాజుపెట్టెలో హంగేరీ రాజుల కిరీటం ఉంటుంది, ఇద్దరు సైనికులు కాపలా. కిరీటం పైన ఉన్న శిలువ పక్కకి వంగి ఉంటుంది. ఎప్పుడో దెబ్బ తగిలి వంగింది, దాన్ని నిలబెట్టకుండా అలాగే ఉంచారు. రెండో ప్రపంచ యుద్ధం చివర ఆ కిరీటం అమెరికా సైన్యం చేతికి వెళ్ళి, ఫోర్ట్ నాక్స్‌లో బంగారం నిల్వల పక్కన ఏళ్ళ తరబడి ఉండి, 1978లో తిరిగొచ్చింది. ఇక్కడ ఫోటో తీయనివ్వరు. నిలబడి చూడాల్సిందే.

నాకు మాత్రం దానికన్నా ఎక్కువ గుర్తున్నది సభ బయట కారిడార్‌లో కిటికీల దగ్గరున్న ఇత్తడి పట్టీ. దానికి వరుసగా గాళ్ళు, ఒక్కో గాడికీ నంబరు. సభ్యులు లోపలికి వెళ్ళేటప్పుడు కాలుస్తున్న చుట్టని ఎవరి నంబరులో వాళ్ళు పెట్టి వెళ్ళేవారట. లోపల ప్రసంగం బాగుంటే బయట చుట్ట పూర్తిగా కాలిపోయేది. మా నాన్న ఆ గాళ్ళని వేలితో తడిమి చూశారు.

టికెట్ గురించి: యూరప్ దేశాల పౌరులకి ఒక ధర, మిగతా వాళ్ళకి దాదాపు రెట్టింపు. చూసేది పాస్‌పోర్టు కాబట్టి, జర్మనీలో చదువుతున్నా మనకి పెద్ద ధరే. విద్యార్థి తగ్గింపు ఉందేమో చూసుకోండి. టికెట్లు ముందే అయిపోతాయి, కౌంటర్ దగ్గరికెళ్ళి నిలబడితే దొరకడం అదృష్టం. ఆన్‌లైన్‌లో తీసుకోండి.

దీని తర్వాత స్నానాలు. ఊరి కింద నేలలో వేడినీటి ఊటలున్నాయి, రోమన్ల కాలం నుంచీ జనం వాడుతున్నారు. అందరి నోటా వినిపించేది సేచెని స్నానశాల. పసుపు గోడల మధ్య ఆరుబయట పెద్ద కొలనులు, వాటిలో మెడలోతు నీళ్ళలో నిలబడి చదరంగం ఆడే తాతలు. అది తెరిచింది 1913లో. మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆ ఊళ్ళోనే పుట్టిన ఏడాది కూడా అదే. చాలా బాగుంటుంది, కానీ టికెట్ ఖరీదు ఎక్కువ, వారాంతాల్లో కొలనులో కాలు పెట్టడానికి చోటుండదు. గెల్లేర్ట్ స్నానశాల అందగత్తె, అయితే దాన్ని బాగుచేయడానికి 2025 అక్టోబరులో మూసేశారు. రుదాష్‌లో తురుష్కుల కాలం నాటి గుండ్రటి గుమ్మటం, దాని కింద ఎనిమిది మూలల కొలను, పైకప్పు మీద డాన్యూబ్ కనిపించే చిన్న కొలను ఉన్నాయి. ఆ పాత భాగంలో మగవాళ్ళకి కొన్ని రోజులు, ఆడవాళ్ళకి ఒక రోజు విడిగా కేటాయించే పద్ధతి ఉంది. జంటగా వెళ్ళేవాళ్ళు రోజు చూసుకుని వెళ్ళాలి.

నేను అమ్మానాన్నల్ని తీసుకెళ్ళింది లుకాచ్‌కి. ధర తక్కువ, టూరిస్టులు తక్కువ, మోకాళ్ళ నొప్పులకి డాక్టర్ చీటీతో వచ్చే అక్కడి పెద్దవాళ్ళే ఎక్కువ. పెరట్లో గోడ నిండా పాలరాతి పలకలు, ఇక్కడి నీళ్ళతో నయమైన వాళ్ళు వాళ్ళ వాళ్ళ భాషల్లో కృతజ్ఞతలు చెక్కించి పెట్టినవి. అమ్మ వాటి ముందు చాలాసేపు నిలబడింది. మొక్కు తీర్చుకున్నట్టుంది అంది. పొడుగు స్విమ్‌సూట్ వేసుకుని మొదట సిగ్గుపడింది. తన వయసు ఆడవాళ్ళు నలుగురు నీళ్ళలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం చూసి నెమ్మదిగా దిగింది. గంటన్నర దాకా బయటికి రాలేదు. 4, 6 ట్రామ్‌లో మార్గరెట్ వంతెన బుడా చివర దిగితే నాలుగు అడుగుల్లో లుకాచ్. టవల్, రబ్బరు చెప్పులు ఇంటి నుంచి తెచ్చుకోండి, అద్దె కలిసొస్తుంది. ఈత కొట్టే కొలనులోకి తలకి టోపీ లేకపోతే రానివ్వరు.

ఫోటోల కోసమైతే సేచెని, ఒళ్ళు నొప్పులకైతే లుకాచ్, ఇద్దరే వెళ్తూ సాయంత్రం ప్రత్యేకంగా ఉండాలనుకుంటే రుదాష్.

దోహాన్ వీధిలో ఉన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, యూరప్‌లో అన్నిటికన్నా పెద్దది, 1859లో పూర్తయింది. టికెట్ బాగా ఖరీదు, శనివారం మూసి ఉంటుంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదు. కుదరకపోతే వెనక వెషెలేని వీధిలోకి నడవండి. కంచె లోంచి లోహంతో చేసిన ఒక చెట్టు కనిపిస్తుంది, ఆకుల మీద చనిపోయిన వాళ్ళ పేర్లు. దాన్ని చూసి, పార్లమెంటు దగ్గర నది ఒడ్డుకి వెళ్ళండి. అక్కడ గట్టు అంచున అరవై జతల ఇనుప బూట్లుంటాయి. 1944-45లో యూదుల్ని ఇక్కడ నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. 2005లో పెట్టిన స్మారకం. వాటిలో పిల్లల బూట్లు కూడా ఉన్నాయి. అక్కడ సెల్ఫీలు తీసుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

డబ్బు పెట్టక్కర్లేనివి

కోట కొండ మీదికి 1870 నాటి చిన్న రోప్ రైలు ఉంది, టికెట్ ఎక్కువ, ప్రయాణం ఒకటిన్నర నిమిషం. దెయాక్ తేర్ నుంచి 16 నంబరు బస్సు మీ పాస్ మీదే పైకి తీసుకెళ్తుంది. పైన ఫిషర్‌మెన్స్ బాస్టియన్, ఏడు బురుజులతో 1902లో పూర్తయిన తెల్లటి కట్టడం. పగలు పై అంతస్తుకి టికెట్ పెడతారు, కింది వరండాలు ఎప్పుడూ ఉచితమే. రాత్రి కౌంటర్ మూశాక పైకి కూడా ఎక్కొచ్చు. అక్కడి నుంచి నదికి అవతల వెలిగే పార్లమెంటుని చూశాక, పగలు టికెట్ కొన్నవాళ్ళు ఏం చూశారా అనిపిస్తుంది.

పడవ షికారా, 2 నంబరు ట్రామా అని చాలామంది అడుగుతారు. 2 నంబరు ట్రామ్ పెస్ట్ ఒడ్డున నది పక్కనే వెళ్తుంది. మార్గరెట్ వంతెన దగ్గర, 4, 6 స్టాపు పక్కనే యాసాయ్ మరి తేర్‌లో ఎక్కి, దక్షిణం వైపు వెళ్ళేటప్పుడు కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోండి. పార్లమెంటు దాటగానే నది, కోట, చెయిన్ బ్రిడ్జి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పాస్‌లోనే. ట్రామ్‌లో కనిపించనిది ఒక్కటే, ఆ పెస్ట్ ఒడ్డున ఉన్న పార్లమెంటు ముందు భాగం. దానికి 2 నంబరు మెట్రోలో ఒక స్టేషన్ వెళ్ళి అవతల బత్యానీ తేర్‌లో దిగి గట్టు మీద కూర్చుంటే చాలు. నడవలేని పెద్దవాళ్ళుంటే గంట పడవ తీసుకోండి, తప్పులేదు. భోజనంతో కలిపి అమ్మేది మాత్రం వద్దు. ఆ ధరలో సగం భోజనానిది, అందులో మనం తినేది తక్కువ.

1 నంబరు మెట్రో కూడా చూడాల్సిందే. 1896లో తెరిచారు, యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటి భూగర్భ రైలు. పదిహేను మెట్లు దిగితే చాలు ప్లాట్‌ఫారం, తెల్ల టైల్స్, చెక్క బల్లలు, చిన్న పసుపు రైలు. హీరోస్ స్క్వేర్ అనే పెద్ద కూడలికి దానిలోనే వెళ్ళండి.

తిండి

శాకాహారులు ఈ వాక్యం రాసి పెట్టుకోండి: "హూష్ట్ నెమ్ ఎసెమ్". మాంసం తినను అని. లాంగోష్ అనేది మన పెద్ద పూరీ లాంటిది, మీద వెల్లుల్లి, పుల్లటి మీగడ, చీజ్. ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలేయదు. 1897 నాటి పెద్ద మార్కెట్ హాలు పై అంతస్తులో టూరిస్టు ధరలు, కాబట్టి కొనేది కింద కొనండి. ఆదివారం వెళ్తే తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో అన్నం వండుకునేవాళ్ళు సూపర్ మార్కెట్‌లో ఎరోష్ పిష్టా అనే చిన్న సీసా కొనుక్కోండి. గింజలతో సహా నూరిన ఎర్ర మిరపకాయలు, ఉప్పు. మా అమ్మ మూత తీసి వాసన చూసి, వేలితో కొంచెం నాలిక మీద పెట్టుకుని, "ఇది మన పండుమిరప కారమేరా, చింతపండు వేయడం మర్చిపోయారు" అంది. ఆ పూట నుంచి తెనాలి నుంచి తెచ్చిన పచ్చడి సీసా తెరవలేదు. తిరిగెళ్ళేటప్పుడు నాలుగు సీసాలు సూట్‌కేసులో పెట్టుకుంది. అది ద్రవం కిందే లెక్క కాబట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టడమే మేలు.

బుకింగ్ వరుస చెప్పి ఆపేస్తాను. ముందు పార్లమెంటు టికెట్ ఏ రోజుకి దొరుకుతుందో చూడండి. దాని చుట్టూ తేదీలు పెట్టుకోండి. తర్వాత 4, 6 ట్రామ్ స్టాపుల పేర్లు మ్యాప్‌లో పెట్టి రూమ్ వెతకండి, పిన్‌కోడ్, లిఫ్ట్, రాత్రి గోల, ఈ మూడూ చూసుకుని కట్టండి. స్నానశాలకి ముందే కొనక్కర్లేదు, వాతావరణం చూసుకుని మామూలు రోజు పొద్దున్నే వెళ్తే లుకాచ్‌లో చోటు దొరుకుతుంది. చివరి రాత్రికి మాత్రం ఏ ప్లానూ పెట్టుకోకండి. బత్యానీ తేర్‌లో గట్టు మెట్ల మీద కూర్చోండి, 6 నంబరు ట్రామ్ ఎప్పుడైనా ఉంటుంది.